లోపల ఒకరు

మూడో చాంబర్ తలుపు పక్కన గోడకి ఒక తెర ఉంటుంది. లోపల ఎవరెవరు ఉన్నారో వాళ్ళ పేర్లు దాని మీద వరసగా కనపడతాయి. అన్నిటికన్నా కింద లెక్క. ఆ లెక్క సున్నాకి వస్తే తప్ప చాంబర్‌కి సీలు వెయ్యకూడదని మా మేనేజరు శేషాచలం గారు పెట్టిన రూలు. ఆ రోజు మధ్యాహ్నం అందరి పేర్లూ పోయాక కూడా ఒక్క పేరు మిగిలింది. అది నాది. నేనేమో ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాను.

మాది చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్ళే దారిలో ఉన్న కోల్డ్ స్టోరేజీ. రైతులు ఏసీ అంటారు. ఎండాకాలమంతా మిర్చి టిక్కీలు, అంటే కాయలు కుక్కి కుట్టిన సంచులు, లారీల మీద వస్తూనే ఉంటాయి. బయట తారు మెత్తబడి చెప్పులకి అంటుకునే ఎండ. చాంబర్ తలుపు తీయగానే చలి తెల్లగా పొగలా కాళ్ళ మీదకి పారుతుంది. లోపల పైకప్పు దాకా టిక్కీల వరసలు, వరసకీ వరసకీ మధ్య ఒక మనిషి ఒరుసుకుంటూ వెళ్ళేంత సందు. అక్కడ మాట నిలవదు. మనం అన్నది సంచుల్లో ఇంకిపోతుంది, లేదంటే అవతలి సందులోంచి ఇంకెవరో అన్నట్టు తిరిగి వినపడుతుంది. నాకు ఆ చాంబర్ మొదటినుంచీ గిట్టదు. అసలు నాకు భయం ఎక్కువ. మా జుబి చంటిపిల్లగా ఉన్నప్పుడు అది నిద్రపోతుంటే గంటకోసారి లేచి ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని. ఇప్పుడు దానికి మూడో ఏడు. ఇప్పటికీ చూస్తాను.

నరసరావుపేటలో కంప్యూటర్ డిగ్రీ చదువుతుండగా పెళ్ళయింది. జుబి కడుపున పడ్డాక కాలేజీ ఆగిపోయింది. మా ఆయన అన్వర్ దాచేపల్లి సిమెంటు లారీ మీద తిరుగుతుంటారు, వారంలో సగం రోజులు ఇంట్లో ఉండరు. అందుకని ఈ ఏసీలో గేటు ఎంట్రీల పనికి చేరాను. ఎక్కడో ఒక ఏసీలో చలి మిషన్లలో వాడే అమ్మోనియా గ్యాసు లీకయినప్పుడు లోపల ఎవరున్నారో తెలియక ఇబ్బంది పడ్డారని విని మా ఓనరు కూడా భయపడ్డాడు. తాడేపల్లిలో ఉండే శశిభూషణ్ అనే సాఫ్ట్‌వేర్ సారుతో ఒక ప్రోగ్రాం రాయించాడు. మనిషికో ప్లాస్టిక్ బిళ్ళ ఇస్తారు. బిళ్ళతో చాంబర్ గడప దాటితే తెర మీద పేరు వస్తుంది, తిరిగి గడప దాటితే పోతుంది.

ప్రోగ్రాంలు రాసే జావా భాష నాకు కాస్త తెలుసని విన్నప్పటినుంచీ శశిభూషణ్ సార్ చిన్న చిన్న పనులు నాకే చెప్పేవారు. ఫోన్ స్పీకర్లో పెట్టి, ఎంట్రీలు చేసుకుంటూనే నేర్చుకునేదాన్ని. తొడిమలు తీసే షెడ్డు నుంచి మస్తాన్‌బీ పెద్దమ్మ నీళ్ళకని వచ్చి గుమ్మంలో నిలబడి వినేది.

"క్లాసంటే అచ్చు అండీ సైమా గారూ," అనేవారు సార్. "ఇటుకల బట్టీలో అచ్చు ఇటుక కాదు కదా, దాంతో ఇటుకలు పోస్తారు. అలా క్లాసుతో పోసిన ఇటుకే ఆబ్జెక్టు. ఇప్పుడు టాప్ లెవెల్ క్లాసు అంటే సొంతిల్లు ఉన్న మనిషి. దాని ఫైలు దానిది. స్టాటిక్ నెస్టెడ్ క్లాసంటే ఇంకొకరి ఆవరణలో గది వేసుకున్న మనిషి. అడ్రసు ఇంటివాళ్ళది, బతుకు తనది. ఇంటివాళ్ళు ఊళ్ళో ఉన్నా లేకపోయినా తన పని జరిగిపోతుంది."

"మరి ఇన్నర్ క్లాసు సార్?"

"అది కడుపులో పిల్లండీ. తల్లి అనే మాట ఒక్కటీ ఉంటే చాలదు, ఫలానా తల్లి ఉండాలి. ఆ తల్లిలోంచే పిల్లని పుట్టించాలి. పుట్టాక తల్లికి ఉన్నవన్నీ అడక్కుండానే దానికి అందుతాయి. ఎందుకంటే అది తల్లిని పట్టుకునే ఉంటుంది. ఆ పట్టు మనం కోడ్‌లో రాయం. చదివితే కనపడదు. కానీ ఉంటుంది."

మస్తాన్‌బీ చెంబు దించి పకపకా నవ్వింది. "ఏందే సైమా, పురుళ్ళు పోసే నాకు కూడా తెలియని సంగతులు చెప్తన్నాడు మీ సారు? ఆయనకి పెళ్ళయిందా అసలు?"

ఫోన్లో సార్ కూడా నవ్వారు. "కాలేదని చెప్పండి పెద్దమ్మకి."

ఆ ఇన్నర్ క్లాసు మాకు అవసరం పడింది మా హమాలీల ముఠా పద్ధతి వల్ల. చాంబర్లో సంచులు పగిలి కాయలు రాలితే ఊడ్చటానికి ఆడవాళ్ళు వెళ్తారు. ఇంటి దగ్గర చూసేవాళ్ళు లేని పిల్లలు చీర కొంగు పట్టుకుని వాళ్ళ వెనకే వెళ్తారు. ముఠా మేస్త్రి బాజీ ఎప్పుడు తలలు లెక్కపెట్టినా పిల్లలకి వేరే లెక్క ఉండదు. తల్లి వచ్చిందంటే పిల్ల వచ్చినట్టే, తల్లి వెళ్ళిందంటే పిల్ల వెళ్ళినట్టే. వాళ్ళ నాన్నల కాలం నుంచీ అంతే. "ఇన్‌స్పెక్టర్ వస్తే తెర మీద పిల్లల పేర్లు కనపడకూడదు," అని శేషాచలం గారు కూడా గట్టిగా చెప్పారు. అయినా గ్యాసు లీకయితే పిల్లలు ఏమవుతారని నాకు ఒకటే గుబులు. చివరికి పిల్లలకీ చిన్న బిళ్ళలు ఇవ్వటానికి ఒప్పుకున్నారు. పేరు మాత్రం తల్లిదే కనపడాలి. పిల్ల తల్లిలోపల ఉండాలి.

"అయితే పనివాళ్ళ క్లాసులో పిల్లని ఇన్నర్ క్లాసుగా పెట్టేద్దాం," అన్నారు శశిభూషణ్ సార్. నేనే టైపు చేశాను. ఆడవాళ్ళు ఆ బిళ్ళల్ని పిల్లల మొలతాళ్ళకి, తాయెత్తుల పక్కన కట్టారు. జుబి మొలతాడుకి నేనూ ఒకటి కట్టాను. మా అత్తమ్మ రహిమున్నీసాకి ఒంట్లో బాగోనప్పుడల్లా అది నాతోపాటే వచ్చేది.

ఆ తెరతో ఒక చిన్న తిరకాసు ఉండేది. ఒక మనిషి బయటికి రాగానే ప్రోగ్రాం ఆ మనిషిని వదిలేస్తుంది కానీ, వెంటనే చెరిపేయదు. ఎవరూ పట్టుకోని వాటిని జావా తన వీలు చూసుకుని ఊడ్చేస్తుంది. ఏదో ఒకటి పట్టుకుని ఉన్నంతవరకూ మాత్రం ముట్టుకోదు. తెర మీద కనపడేది ఇంకా ఊడ్చని పేర్లన్నమాట. అందుకని మనిషి బయట బీడీ వెలిగించుకుంటున్నా పేరు కొంచెం సేపు లోపలే ఉండేది. ముఠావాళ్ళు వాటిని నీడలు అనేవాళ్ళు.

"ఒరేయ్, నా నీడ ఇంకా టిక్కీలు మోస్తానే ఉందిరా," అని బాజీ తెర చూసి అరిచేవాడు. "దానికి కూడా టీ చెప్పండ్రా!"

అందరూ నవ్వేవాళ్ళు. నవ్వుతూనే, తమ పేరు పోయేదాకా ఎవ్వరూ తెర ముందు నుంచి కదిలేవాళ్ళు కాదు.

ఆ రోజు మా అత్తమ్మ పొన్నూరులో ఆడపడుచు ఇంటికి వెళ్ళింది. జుబిని వెంట తెచ్చుకున్నాను. మూడో చాంబర్లో సరుకు నింపటం ఆ రోజుతో అయిపోతుంది. సీలు వేశారంటే మళ్ళీ ధర వచ్చినప్పుడే తలుపు తీయటం. పొద్దున్నే గడప దగ్గర బిళ్ళలు చదివే మెషీను సతాయిస్తోందంటే చూడటానికి లోపలికి వెళ్ళాను. జుబి నా చున్నీ పట్టుకుని వచ్చింది. లోపల మస్తాన్‌బీ ఊడుస్తోంది. జుబి ఆమె పక్కన గొంతుక్కూర్చుని రాలిన కాయలు ఏరి పళ్ళెంలో వెయ్యటం మొదలుపెట్టింది.

"కళ్ళు నలుపుకోమాకు," అన్నాను.

"నేను చూసుకుంటాలే, పోవే," అంది మస్తాన్‌బీ. "నీ భయంతో పిల్లకి కూడా జరం వచ్చేట్టుంది."

ఈలోగా శేషాచలం గారు ఆఫీసులోంచి పిలిచారు. లారీ బిల్లులో ఏదో తేడా. నేను వచ్చేశాను. కాసేపయ్యాక కిటికీలోంచి చూస్తే మస్తాన్‌బీ షెడ్డులో కూర్చుని తొడిమలు తీస్తోంది. ఆమె వెనక చీరతో కట్టిన ఉయ్యాల ఊగుతోంది. దాని అంచు మీంచి ఒక చిన్న పాదం బయటికి వేలాడుతోంది. నిద్రపోయింది, మంచిదే అనుకున్నాను. పని మధ్యలో మళ్ళీ మళ్ళీ చూశాను. ఉయ్యాల ఊగుతూనే ఉంది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆఖరి లారీ ఖాళీ అయింది. హమాలీలు బయటికి వచ్చారు. బాజీ చాంబర్లో లైట్లు ఆర్పి, తలుపు లాగి గడియ వేశాడు. తెర మీద పేర్లు ఒక్కొక్కటే పోయాయి. శేషాచలం గారు సీలు వైరు పట్టుకుని నిలబడ్డారు. కింద లెక్క ఒకటి దగ్గర ఆగిపోయింది.

"సైమా! ఇటు రామ్మా ఒకసారి," అని కేకేశారు.

వెళ్ళి చూశాను. ఖాళీ తెర మీద నా పేరు ఒక్కటే ఉంది.

"నువ్వు లోపలున్నావంట," అన్నారు శేషాచలం గారు.

"మరి ఈడ నిలబడ్డది ఎవురు సారూ?" అన్నాడు బాజీ. "సైమమ్మా, గిల్లి చూడమంటావా?"

ముఠా అంతా నవ్వారు. నేనూ నవ్వాను. నీడే కదా, పోతుంది అనుకున్నాను. అందరం నిలబడి చూశాం. పోలేదు. తాళలేక ఆఫీసులోకి వెళ్ళి ఊడ్పు బటన్ నొక్కాను. పేర్లు మరీ ఆలస్యమైతే నొక్కమని సార్ పెట్టిన బటన్ అది. దాంతో ఏ నీడైనా పోవాలి. కిటికీలోంచి తల బయటపెట్టి, "పోయిందా?" అని అడిగాను.

"లేదు," అన్నాడు బాజీ. ఈసారి నవ్వలేదు. వాడి పక్కన ఉన్నవాళ్ళు తెరకి కొంచెం దూరం జరిగారు.

మళ్ళీ నొక్కాను. ఉంది. ఇంకోసారి నొక్కాను. ఉంది. తెర మీద నా పేరు మామూలుగానే, అందరి పేర్లూ ఉన్నట్టే ఉంది. అయినా అది నన్నే చూస్తున్నట్టు అనిపించింది. ఆ తలుపు అవతల, ఆ చీకట్లో, ఆ చలిలో ఇంకో సైమా నిలబడి ఉందని, ఆవిడకి బయట ఏం జరుగుతోందో వినపడుతోందని అనిపించింది.

"ఏందమ్మా ఇది? లారీ వాడు తొందర పెడుతున్నాడు, నేను గుంటూరు వెళ్ళాలి," అన్నారు శేషాచలం గారు విసుగ్గా. "ఆ సారుకి ఫోన్ కొట్టు."

శశిభూషణ్ సార్ అన్నం తింటూ ఎత్తారు. విషయం చెప్పాను.

"మెమరీ లీకండీ," అన్నారు నములుతూ. "ఎక్కడో ఏదో మీ ఆబ్జెక్టుని పట్టుకుని వదల్లేదు. రేపు నేను చూస్తాలే. ప్రస్తుతానికి ప్రోగ్రాం రీస్టార్ట్ చేసెయ్యండి. అంతా తుడిచిపెట్టుకుపోతుంది, సున్నా వస్తుంది. వాళ్ళని సీలు వేసుకోనివ్వండి."

"సరే సార్."

మౌస్ మీద చెయ్యి పెట్టాను. ప్రోగ్రాం మూసెయ్యమంటారా అని అడుగుతోంది. అవునని నొక్కాలి. వేలు కదల్లేదు. నొక్కితే లోపల నిలబడి ఉన్న మనిషిని నా చేత్తో నేనే తుడిచేసినట్టవుతుందేమోనని ఒక పిచ్చి ఆలోచన.

"సార్," అన్నాను. "నన్ను పట్టుకుని ఉన్నది ఏదంటారు?"

"ఏదైనా కావచ్చండీ. ఏదో ఒక లిస్టు..."

"లిస్టులోంచి తీసేసింది సార్, బయటికి వచ్చినప్పుడే. నేను చూశాను."

"ఊఁ."

"సార్, ఇన్నర్‌కి అవుటర్ ఎవరో తెలుస్తుందన్నారు కదా. మరి అవుటర్‌కి? తన ఇన్నర్ ఎక్కడుందో దానికి తెలుస్తుందా?"

"తెలియదండీ. మనం విడిగా రాసి పెట్టుకుంటే తప్ప తల్లికి అసలు..." అని ఆగిపోయారు. నమలటం కూడా ఆగిపోయింది. తర్వాత ఆయన గొంతు వేరే మనిషి గొంతులా వచ్చింది. "సైమా, మీ పాప ఎక్కడుంది?"

"షెడ్డులో. ఉయ్యాల్లో పడుకుంది సార్."

"వెళ్ళి చూడు. రీస్టార్ట్ చెయ్యకు. ముందు వెళ్ళి చూడు."

కిటికీలోంచి ఉయ్యాల కనపడుతూనే ఉంది. పాదం కనపడుతూనే ఉంది. నేను ఎలా లేచానో, ఆ ఎండలో చెప్పుల్లేకుండా ఎలా వెళ్ళానో తెలియదు. చీర అంచు తప్పించి చూశాను. మస్తాన్‌బీ మనవడు. నోట్లో వేలు పెట్టుకుని నిద్రపోతున్నాడు.

"పెద్దమ్మా, జుబి ఏదీ?"

మస్తాన్‌బీ తల ఎత్తింది. "నీ కాడే కదా! నువ్వు అట్టా పోయావో లేదో, అమ్మా అంటా తలుపు కాడికి ఉరికింది. నీ ఎనకమాలే వచ్చిందనుకున్నా." నా ముఖం చూసి ఆమె చేతిలో కాయలు ఒళ్ళో పడిపోయాయి. "సైమా, నీ కాడ లేదా?"

తర్వాత నేను అరిచానట. నాకు గుర్తులేదు. బాజీ గడియ తీయటం గుర్తుంది. తెల్లటి చలి నా పాదాల మీదికి పారటం గుర్తుంది. లైట్లు ఒక్కొక్కటే మిణుకుమంటూ వెలిగాయి.

"జుబీ!" అని అరిచాను. ఎడమవైపు సందులోంచి ఒక ఆడమనిషి "జుబీ" అంది. ఒక్క క్షణం తర్వాత వెనకగోడ దగ్గర నుంచి ఇంకెవరో అన్నారు. రెండూ నా గొంతులే.

బాజీ నా భుజం పట్టుకుని ఆపాడు. "పేరు పెట్టి పిలవమాక సైమమ్మా. ఈడ మేమెవురం పేరు పెట్టి పిలవం. నువ్వు ఈడ పిలిస్తే గొంతు ఆడ వినపడతది. పిల్ల దాని ఎంట ఇంకా లోపలికి పోయిద్ది. పొద్దున కూడా నీ గొంతు ఎంటే పోయుంటది." తర్వాత వెనక్కి తిరిగి, "మిషన్లు ఆపించండి సారూ," అన్నాడు.

శేషాచలం గారు పరిగెత్తారు. చలి మిషన్ల హోరు ఆగిపోయింది. ఆ హోరు ఉన్నంతసేపూ అది ఉందనే తెలియదు. ఆగాక చాంబర్ ఎంత పెద్దదో తెలిసింది. అందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

ముందు ఏమీ లేదు. తర్వాత, చాలా దూరంగా, సంచుల వెనక నుంచి సన్నగా జుబి గొంతు. ఏడవటం లేదు. మాట్లాడుతోంది.

"ఇంకోటి చెప్పు."

కాస్త నిశ్శబ్దం. మనం ఎవరైనా చెప్పేది వింటే ఎంతసేపు ఊరుకుంటామో అంతసేపు.

"ఊహూఁ, కాకిది వద్దు. అది నిన్న చెప్పావ్."

మళ్ళీ నిశ్శబ్దం. తర్వాత జుబి కిలకిలా నవ్వింది. కితకితలు పెడితే నవ్వే నవ్వు.

"చలి లేదమ్మా," అంది.

మస్తాన్‌బీ "యా అల్లా" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బాజీ తల తిప్పి నా వైపు చూశాడు. నా కళ్ళలోకి కాదు. నా పెదాలు కదులుతున్నాయేమోనని చూశాడు.

నిన్న రాత్రి జుబికి నేను కాకి కథే చెప్పాను.

మాట వచ్చిన వైపు వెళ్ళటం ఆ గదిలో తేలిక కాదు. బాజీ టిక్కీలు లాగే తన ఇనప కొక్కెంతో వరసల కింది చెక్కల మీద కొడుతూ, ఆగి వింటూ, ఒక్కో సందూ చూసుకుంటూ నడిచాడు. నేను వాడి చొక్కా పట్టుకుని నడిచాను. రెండువైపులా మిర్చి ఘాటు, చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. మేం దగ్గరికి వస్తున్నకొద్దీ జుబి మాటలు తగ్గిపోయాయి. ఎవరో మెల్లగా "ష్" అన్నట్టు, చివరికి ఆగిపోయాయి.

ఆఖరి వరసకీ గోడకీ మధ్య ఉంది. చిరిగిన గోతం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. పల్చటి గౌను. తల ఒక పక్కకి వాల్చి ఉంది. ఎవరి భుజం మీదైనా ఆనించుకున్నట్టు వాల్చి ఉంది, కానీ ఆ పక్కన భుజం లేదు, గోడ కూడా ఇంకా జానెడు దూరంలో ఉంది.

బాజీ వంగి ఎత్తుకున్నాడు. ఎత్తుకోగానే వాడి ముఖం మారిపోయింది. "ఎచ్చగా ఉంది," అన్నాడు. పొద్దుటినుంచీ ఆ చలిలో ఉన్న పిల్ల. వాడి ముక్కు చివర ఎర్రబడి ఉంది, నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. జుబి చేతులు అప్పుడే రొట్టెల పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చినట్టు వెచ్చగా ఉన్నాయి.

"జుబీ, అమ్మనే," అని చేతులు చాచాను.

అది నన్ను చూసింది. తర్వాత తను కూర్చున్న చోటు వైపు చూసింది. మళ్ళీ నన్ను చూసింది. నా దగ్గరికి రాలేదు. బాజీ మెడ గట్టిగా పట్టుకుంది.

గడప దాటేటప్పుడు దాని మొలతాడు బిళ్ళకి మెషీను కుయ్‌మంది. అప్పుడు మొదలుపెట్టింది ఏడవటం. బాజీ భుజం మీంచి చాంబర్ వైపు రెండు చేతులూ చాచి, "అమ్మా! అమ్మా!" అని గుక్కపట్టి ఏడ్చింది. నేను దాని ఎదురుగానే నిలబడి ఉన్నాను. "ఇదిగోనే, ఇక్కడే ఉన్నా," అంటుంటే నన్ను తప్పించుకుని నా వెనక తలుపులోకి చూసి ఏడుస్తోంది. "అమ్మ లోపలుంది! అమ్మ రాలేదు!"

శేషాచలం గారు తెర వైపు చూశారు. నా పేరు ఇంకా ఉంది. కాసేపటికి, మేం అందరం చూస్తుండగానే, పోయింది. సున్నా.

ఎందుకు పోయిందో నాకు తెలుసు. జుబి బయటికి రాగానే ప్రోగ్రాం దాన్ని వదిలేసింది. దాంతో అది పట్టుకున్న నేనూ వదిలిపోయాను. ఎవరూ పట్టుకోని దాన్ని ఊడ్చేశారు. సార్ చెప్పినట్టే జరిగింది. రూలు తప్పింది ఏదీ లేదు. అయినా ఆ పేరు పోయిన చోటు చూస్తుంటే, ఊడ్చింది ఎవరిని అని అడగాలనిపించింది.

"ఇంకోసారి చూసొద్దామా?" అన్నారు శేషాచలం గారు. ఆయన సీలు వైరు చేతికి చుట్టుకుంటూ విప్పుతూ ఉన్నారు. గుంటూరు సంగతి మర్చిపోయారు. బాజీ, ముఠావాళ్ళు చాంబరంతా సందు సందూ తిరిగి వచ్చారు.

"ఎవురూ లేరు," అన్నాడు బాజీ. చిరిగిన గోతం కూడా తెచ్చి బయట ఎండలో పడేశాడు. తర్వాత సీలు వేశారు. వైరు బిగిస్తుంటే జుబి ఒక్కసారిగా ఏడుపు ఆపేసింది. అది ఆపినందుకే నాకు ఎక్కువ భయమేసింది.

చిలకలూరిపేటలో డాక్టరు చూసి, పిల్లకి ఏమీ లేదు, లక్షణంగా ఉంది అన్నారు. ఎంతసేపు ఉందో చెబితే నమ్మలేదు. "అంతసేపు కాదులే అమ్మా, మీరు కంగారులో అలా అనుకుంటున్నారు," అన్నారు. ఆస్పత్రి వరండాలో ఉండగా శశిభూషణ్ సార్ ఫోన్ చేశారు.

"పాప ఎలా ఉంది?"

"బాగుంది సార్."

"ఈ రాత్రికే మార్చేస్తానండీ. పిల్లని తల్లిలోంచి తీసేసి టాప్ లెవెల్ క్లాసుగా పెడతాను. దాని ఫైలు దానిది, దాని పేరు దానిది. తెర మీద పిల్ల పేరే కనపడుతుంది. మీ మేనేజరు ఏమన్నా అననివ్వండి."

"ఆయనేమీ అనరు సార్. రేపటినుంచి పిల్లల్ని గడప తొక్కనివ్వొద్దని అప్పుడే చెప్పేశారు. కానీ ఆ ఫైలు నేనే రాస్తాను."

"మీరు ఈ పరిస్థితిలో..."

"నేనే రాస్తాను సార్. తల్లి ఎవరో అందులో నా చేత్తో రాసి పెడతాను. చదివితే కనపడాలి. చెప్పకుండా పట్టుకునేది ఇంక వద్దు."

ఆయన "సరేనండీ," అన్నారు. ఏదో అడగబోయి అడగలేదు. చాంబర్లో విన్నదంతా బాజీ అప్పటికే ఆయనకి ఫోన్ చేసి చెప్పాడని తర్వాత తెలిసింది.

ఆటోలో ఇంటికి బయలుదేరాం. రోడ్డుకి రెండువైపులా పత్తి కట్టె పీకేసిన చేలు, కల్లాల్లో ఇంకా ఎత్తని మిర్చి, నిప్పులు కక్కే గాలి. ఆటో అతను తడిగుడ్డ నెత్తిన వేసుకున్నాడు. జుబి నా ఒళ్ళో కూర్చుంది కానీ ఒళ్ళు బిగబట్టి, ఎవరో తెలియనివాళ్ళ ఒళ్ళో కూర్చున్నట్టు కూర్చుంది. చాలా దూరం వెళ్ళాక తల ఎత్తి నా ముఖం పరీక్షగా చూసింది. నా ముక్కుపుడక ముట్టుకుంది. గడ్డం ముట్టుకుంది.

"నువ్వెప్పుడు బయటికొచ్చావ్?" అని అడిగింది.

పొద్దున్నే వచ్చేశానని చెబితే, నిన్ను వదిలేసి వచ్చానని చెప్పినట్టు. అదొక్కటేనా, మరి లోపల కథలు చెప్పింది ఎవరని అడిగితే ఏం చెప్పాలి?

"నీతోనే వచ్చానే," అన్నాను. "నువ్వొచ్చినప్పుడే."

జుబి ఆలోచించింది. నమ్మాలా వద్దా అన్నట్టు నా రెండు చేతులూ తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, తన బుగ్గలకి ఆనించుకుంది. అప్పుడు దాని ఒళ్ళు మెత్తబడింది. తల నా భుజం మీద వాల్చింది.

"అవును," అంది నిద్రమత్తుగా. "నీ చేతులు ఇంకా చల్లగానే ఉన్నాయి."